ఆర్థర్ కాటన్

జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. గోదావరి నదిపై ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించి, కరువు కాటకాలతో అలమటించిన గోదావరి డెల్టాను ధాన్యాగారంగా మార్చిన వ్యక్తిగా తెలుగువారికి సుపరిచితుడు. గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను కాటన్ దొర అని గౌరవంగా పిలుచుకుంటారు. కావేరి డెల్టాలో కొల్లిడం ఆనకట్టలు ఆయన చేతి మీదుగా వెలిశాయి. కృష్ణానదిపై విజయవాడ ఆనకట్ట, పెన్నానదిపై నెల్లూరు ఆనకట్ట ఆయన బాటలోనే రూపుదిద్దుకొన్నాయి.

ఈ నదులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. సముద్రానికి చేరువలో వాటి గర్భం లోతైన ఇసుకతో నిండి ఉంటుంది. కట్టడాన్ని నిలపడానికి అందుబాటులో రాతినేల దొరకదు. ఇసుకలో దింపిన పునాది ఎంత బరువు మోస్తుంది, ఎంత కుంగుతుంది, దాని అడుగున ఊరే నీరు ఇసుకను ఎప్పుడు కదిలిస్తుంది అన్నవి ముందుగా లెక్కకట్టే శాస్త్రం కాటన్ కాలంలో లేదు. అటువంటి నేలమీద మైళ్ళ పొడవు కట్టడాలను నిలబెట్టడం ఆయన జీవితకృషిలో ప్రధానమైన అంశం.

బాల్యం, విద్యాభ్యాసం

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్ దంపతులకు జన్మించాడు. వారి పదకొండుగురు కుమారులలో ఆయన పదవవాడు. పదిహేనేళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారిగా నియామకం పొందాడు. కొంతకాలం వేల్స్ ప్రాంతంలో భూమి సర్వే పనిలో శిక్షణ పొంది, 1821లో మద్రాసు చేరుకొన్నాడు.

తొలి ఉద్యోగాలు

మద్రాసులో చీఫ్ ఇంజనీరు కార్యాలయంలో పనిచేసిన తరువాత, దక్షిణ జిల్లాల చెరువుల విభాగంలో సహాయకుడిగా నియమితుడయ్యాడు. కోయంబత్తూరు, మధుర, తిరుచిరాపల్లి, తంజావూరు, తిరునల్వేలి ప్రాంతాలు ఈ విభాగం పరిధిలో ఉండేవి. పాత చెరువులు, తూములు, కలుజులు, కాలువలు ఎలా కట్టారో, ఎందుకు నిలిచాయో, ఎక్కడ తెగాయో దగ్గరనుండి చూసే అవకాశం ఆయనకు ఈ ఉద్యోగంలోనే లభించింది. పాంబన్ జలమార్గం సర్వేలో కూడా పాల్గొన్నాడు. 1824-26 మధ్య జరిగిన మొదటి బర్మా యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, తిరిగి వచ్చి 1828లో కావేరి నీటిపారుదల పరిశీలన బాధ్యత స్వీకరించాడు.

కల్లణై నేర్పిన పాఠం

శ్రీరంగం దీవికి ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం, దక్షిణపు పాయ కావేరి. దీవి దిగువన ఈ రెండు పాయలు మళ్ళీ దగ్గరవుతాయి. అక్కడ కావేరి నీరు కొల్లిడంలోకి జారిపోకుండా పూర్వం కట్టిన ఆనకట్టే కల్లణై. చోళరాజు కరికాలుడు దీనిని కట్టించాడని ప్రతీతి.

ఈ పురాతన కట్టడాన్ని పరిశీలించిన కాటన్‌కు దాని నిర్మాణ రహస్యం బోధపడింది. దానికింద రాతినేల లేదు. నది ఇసుకలోనే పెద్దపెద్ద రాళ్ళను వేశారు. మొదట వేసిన రాళ్ళు ఇసుకలోకి కుంగిపోయాయి. వాటిమీద మళ్ళీ వేశారు. ప్రవాహం కోసినకొద్దీ రాళ్ళు కిందికి దిగుతూ, చివరకు ఒక స్థితిలో కదలడం మానివేశాయి. అప్పుడు ఆ స్థిరపడిన రాతిగుట్టపై కట్టడం నిలిచింది. ఇసుక ఎంత లోతున్నదో తెలియకపోయినా, దానిమీద పునాదిని నిలపవచ్చునని ఈ కట్టడం నిరూపించింది.

అంతు తెలియని ఇసుకలో పునాదులు వేసే విద్యను తాము ఈ దేశపు పూర్వీకులనుండే నేర్చుకొన్నామని, వంతెనలకు, ఆనకట్టలకు అదే ఆధారమైందని కాటన్ తరువాతి కాలంలో బహిరంగంగా అంగీకరించాడు. పూర్వపు కట్టడాలను కట్టించిన వారి పట్ల ఆయన గౌరవం తన రచనలలో పలుమార్లు వ్యక్తమవుతుంది.

కొల్లిడం ఆనకట్టలు

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళకు తంజావూరు సాగుకు పెద్ద ముప్పు ఏర్పడింది. కొల్లిడం పాయ కావేరికన్నా పల్లంగా, ఎక్కువ వాలుతో ఉండడంవల్ల నీరంతా అటే మళ్ళసాగింది. కావేరి పాయ ఏటేటా ఒండ్రుతో పూడిపోయింది. దీనికి పరిష్కారంగా కొల్లిడంపై రెండు ఆనకట్టలు కట్టాలని కాటన్ ప్రతిపాదించాడు. నది చీలేచోట ముక్కొంబు వద్ద ఎగువ ఆనకట్ట, తీరానికి దగ్గరగా అణైక్కరై వద్ద దిగువ ఆనకట్ట 1836 నాటికి పూర్తయ్యాయి.

ఈ ఆనకట్టలను ఇసుకలో దించిన బావులపై నిలిపారు. దక్షిణ భారతదేశంలో తాగునీటి బావులకు ఒరలు దించే పద్ధతి తరతరాలుగా వాడుకలో ఉన్నదే. దానినే కట్టడాల పునాదికి వాడుకొన్నారు. పని మంచి ఫలితాన్నే ఇచ్చింది గాని, నది ప్రవర్తన అంచనాలకు పూర్తిగా లొంగలేదు. ఎగువ ఆనకట్టవల్ల కావేరి పాయలోకి కావలసినదానికన్నా ఎక్కువ నీరు చేరసాగింది. దానితో 1843లో ఆనకట్ట మధ్యభాగం ఎత్తును తగ్గించవలసి వచ్చింది. కట్టిన తరువాత నదిని గమనించి, కట్టడాన్ని సరిదిద్దుకోవడం అనే పద్ధతి కాటన్ పనులన్నిటిలో కనిపిస్తుంది.

ముక్కొంబు కట్టడం మార్పులు, చేర్పులతో ఒకటిన్నర శతాబ్దానికి పైగా సేవలందించింది. 2018 ఆగస్టులో వచ్చిన వరదకు అందులో తొమ్మిది గేట్లున్న భాగం కూలిపోయింది.

గోదావరి ఆనకట్ట

నేపథ్యం

అనారోగ్య కారణాలవల్ల కాటన్ కొంతకాలం టాస్మేనియాలో గడిపాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహం చేసుకొన్నాడు. 1843లో మద్రాసు రాష్ట్రానికి తిరిగివచ్చి విశాఖపట్నంలో నియమితుడయ్యాడు.

ఆ సమయానికి గోదావరి మండలం దుర్భర స్థితిలో ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువులో పొరుగున ఉన్న గుంటూరు జిల్లా జనాభా అయిదు లక్షలలో సుమారు రెండు లక్షలమంది మరణించారు. 1839లో కోరంగి ప్రాంతాన్ని పెనుతుఫాను ముంచెత్తింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే గోదావరి పారుతున్నా, వేసవిలో ఆ నీరు పొలాలకు ఎక్కే మార్గం లేదు. వర్షాకాలంలో మాత్రం అదే నది ఊళ్ళను ముంచివేసేది.

జిల్లా పరిస్థితిని విచారించిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో, నదిని ఇంజనీరుచేత పరిశీలింపజేయాలని సిఫారసు చేశాడు. ఆ బాధ్యత కాటన్‌కు అప్పగించబడింది. ఆయన 1844లో ఒకటి, 1845లో ఒకటి చొప్పున రెండు నివేదికలు సమర్పించాడు. కొల్లిడంపై సాధించిన ఫలితాన్ని గోదావరిపై కూడా సాధించవచ్చునని వాటిలో వాదించాడు. 1846 డిసెంబరులో కంపెనీ డైరెక్టర్ల అనుమతి లభించగా, 1847లో పని ప్రారంభమైంది.

స్థలం

డెల్టా శిరస్సున ఉన్న ధవళేశ్వరం వద్ద నది లంకల మధ్య నాలుగు పాయలుగా విడిపోతుంది. అందుచేత ఆనకట్ట నాలుగు భాగాలైంది. ధవళేశ్వరం భాగం 1,624 గజాలు, ర్యాలి భాగం 954 గజాలు, మద్దూరు భాగం 516 గజాలు, విజ్జేశ్వరం భాగం 862 గజాలు. మొత్తం దాదాపు 11,900 అడుగులు. నది వెడల్పు తక్కువగా ఉన్న చోటు వదలి, ఇంత విశాలమైన చోటును ఎన్నుకోవడానికి కారణం ఉంది. వెడల్పు పెరిగినకొద్దీ వరద లోతు తగ్గుతుంది, వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ఇసుకను కోసే శక్తి కూడా తగ్గుతుంది. లంకలవల్ల వేర్వేరు పాయలలో పని విడివిడిగా చేసుకొనే వీలు కూడా కలిగింది. ధవళేశ్వరం కొండనుండి కావలసినంత రాయి దొరికేది.

పునాదులు

ఆనకట్టకు ముందువైపున, వెనుకవైపున వరుసగా బావులను దించి, వాటిపై గోడలు కట్టారు. ఈ బావులు సుమారు ఆరడుగుల వ్యాసం, ఆరడుగుల లోతు గలవి. బావిని దించే పద్ధతి ఇది. ముందుగా ఇసుకపై వలయాకారపు ఆధారాన్ని పరచి దానిమీద గుండ్రంగా గోడ కడతారు. లోపలి ఇసుకను తవ్వి తీస్తున్నకొద్దీ గోడ తన బరువుతో కిందికి జారుతుంది. కొంతదూరం వెళ్ళాక చుట్టూ ఉన్న ఇసుక ఒరిపిడి దానిని పట్టి నిలుపుతుంది. అప్పుడు పైన మరికొంత గోడ కట్టి గాని, బరువులు పేర్చి గాని దానిని దించుతారు. ఒకపక్కకు ఒరిగితే రెండోపక్క ఇసుక ఎక్కువగా తీసి సరిచేస్తారు. అనుకొన్న లోతుకు చేరాక లోపలి భాగాన్ని రాయితో నింపివేస్తారు.

బావి ఎంత సులువుగా దిగిందో, ఎక్కడ మొరాయించిందో చూసి ఆ నేల స్వభావాన్ని పనివారు గ్రహించేవారు. నేలను పరీక్షించే సాధనాలు లేని కాలంలో పునాది దించే పనే పరీక్ష అయింది.

ముందు వెనుక గోడల మధ్య రాయి నింపి, దానిపై సుమారు నాలుగడుగుల మందాన బల్లపరుపు గచ్చు, ఆపై నీరు జారడానికి వాలుగచ్చు కట్టారు. ఆనకట్ట ఎత్తు మొదట 12 అడుగులు. తరువాతి కాలంలో దీనిని పెంచారు. గచ్చు దిగువన డెబ్బై, ఎనభై అడుగుల వెడల్పున పెద్ద రాళ్ళను పరచారు.

బరువు మోయడం ఈ పునాదులకు ఎదురైన సమస్యలలో చిన్నది. అసలు ప్రమాదాలు రెండు. మొదటిది, ఆనకట్ట మీదుగా దూకిన నీరు దిగువ ఇసుకను తవ్వి గుంట చేయడం. గుంట బావుల అడుగుకన్నా లోతైతే పునాది కింద ఇసుక జారి కట్టడం కూలుతుంది. రాళ్ళ పరుపు దీనికి విరుగుడు. గుంట పడినప్పుడు రాళ్ళు అందులోకి దొర్లి దానిని పూడ్చివేస్తాయి. ఆ లోటును మరుసటి వేసవిలో కొత్త రాళ్ళతో భర్తీ చేస్తారు. ఇది కల్లణై వద్ద నేర్చుకొన్న పాఠమే.

రెండవది, ఎగువన నిలిచిన నీరు పునాది కిందుగా ఊరి దిగువన బయటపడడం. ఊట వేగం హద్దు మీరితే నీటితోపాటు ఇసుక రేణువులు కూడా కదలిపోయి లోపల డొల్ల ఏర్పడుతుంది. కట్టడం వెడల్పుగా ఉండి, బావులు అడ్డుగా ఉంటే నీరు చుట్టుతిరిగి రావలసి ఉంటుంది గనుక దాని ఉద్ధృతి తగ్గుతుంది. కాటన్ కట్టిన వెడల్పాటి గచ్చు, బావుల వరుసలు ఈ పని చేశాయి. ఎంత వెడల్పు ఉంటే చాలునన్నది మాత్రం అనుభవంతోనే నిర్ణయించవలసి వచ్చింది.

నిర్మాణం

పని ఏడాదికి కొన్ని నెలలే సాగేది. వరద రాకముందే ఆ ఏటి భాగాన్ని తట్టుకొనే స్థితికి తేవాలి. లేకపోతే చేసినదంతా కొట్టుకుపోతుంది. స్థానికుడైన వీణెం వీరన్న కూలీలను సమకూర్చడంలో, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. 1848లో కాటన్ ఆరోగ్యం దెబ్బతినడంతో కెప్టెన్ చార్లెస్ ఆర్ బాధ్యత తీసుకొన్నాడు. 1850లో కాటన్ తిరిగివచ్చాడు. వరదలకు గండ్లు పడినచోట్ల మళ్ళీ కట్టుకొంటూ 1852 నాటికి ఆనకట్టను పూర్తిచేశారు.

కాలువలపై లాకులు, వంతెనలు, తూములు వెలిశాయి. గన్నవరం వద్ద గోదావరి పాయపైగా నీటిని కోనసీమలోని లంకభూములకు చేర్చే అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ పర్యవేక్షణలో 49 కమానులతో కట్టారు. గోదావరి డెల్టా ఆయకట్టు కాలక్రమాన సుమారు 10 లక్షల ఎకరాలకు విస్తరించింది.

కృష్ణా ఆనకట్ట

గోదావరి ఫలితం చూసిన ప్రభుత్వం కృష్ణపై విజయవాడ వద్ద ఆనకట్టకు అనుమతించింది. ఇంద్రకీలాద్రి, సీతానగరం కొండల మధ్య సుమారు 3,700 అడుగుల పొడవున చార్లెస్ ఆర్ దీనిని 1852-55 మధ్య నిర్మించాడు. రెండు ఒడ్డుల కొండ ఉన్నా, నది నడుమ లోతైన ఇసుకే. ఇక్కడ నది వెడల్పు తక్కువ కాబట్టి వరద లోతు, వేగం ఎక్కువ. అందుచేత రాళ్ళను విస్తారంగా కుమ్మరించవలసి వచ్చింది. దాదాపు వందేళ్ళు పనిచేసిన ఈ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది.

పెన్నా నది - నెల్లూరు ఆనకట్ట

పెన్నా నది కర్ణాటకలోని నందికొండల వద్ద పుట్టి, రాయలసీమ మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతంలో కలుస్తుంది. గోదావరి వరద నెలల తరబడి సాగితే, పెన్నా వరద రోజుల్లో వచ్చి రోజుల్లో పోతుంది. ఏడాదిలో ఎక్కువకాలం నదిలో ఇసుకే కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవన కాలంలో తుఫాను వాన పడితే నది ఒక్కసారిగా ఉప్పొంగుతుంది.

వరి పంటకు పేరుపొందిన నెల్లూరు ప్రాంతంలో పూర్వంనుండీ చెరువులే సాగుకు ఆధారం. నది పొంగినప్పుడు కాలువల ద్వారా ఈ చెరువులు నిండేవి. నది మట్టం చాలనప్పుడు చెరువులు ఎండేవి. నదికి అడ్డంగా తక్కువ ఎత్తుగల ఆనకట్ట కట్టి మట్టాన్ని నిలకడగా ఉంచడమే దీనికి పరిష్కారం. గోదావరి, కృష్ణా పనులు జరుగుతున్న కాలంలోనే కాటన్ ప్రోత్సాహంతో నెల్లూరు పట్టణం వద్ద ఆనకట్ట నిర్మాణం చేపట్టి 1855లో పూర్తిచేశారు. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువలకు ఈ ఆనకట్టనుండే నీరందేది.

నెల్లూరు ఆనకట్ట తొలి సంవత్సరాలు సాఫీగా సాగలేదు. కట్టిన కొద్ది ఏళ్ళలోనే వరదలకు దెబ్బతిన్నది. పాడైన భాగాలను తిరిగి కట్టడంతోపాటు, ఆనకట్ట పొడవును పెంచవలసి వచ్చింది. నదికి ఇచ్చిన దారి ఇరుకైతే వరద ఆ ఇరుకులోనే ఇసుకను లోతుగా కోస్తుంది. గోదావరిపై ఫలించిన కొలతలు పెన్నాపై యథాతథంగా సరిపోలేదు. ఇసుక ఒకే రకంగా కనిపించినా, దానిమీద పారే నది స్వభావాన్ని బట్టి పునాది భవిష్యత్తు మారుతుందని నెల్లూరు అనుభవం తెలిపింది. 1880లలో ఎగువన సంగం వద్ద రెండో ఆనకట్టను నిర్మించి, కనిగిరి జలాశయానికి నీరందించారు.

ఈ రెండు పాత ఆనకట్టల స్థానంలో కట్టిన నెల్లూరు బ్యారేజి, సంగం బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమయ్యాయి. అంతకు ముందటి ఏడాది, 2021 నవంబరులో, పెన్నాకు వచ్చిన భారీ వరద నెల్లూరు పరిసరాల్లో జాతీయ రహదారిని, రైలుమార్గాన్ని కోసివేసింది.

కృష్ణపట్నం కాలువ ప్రతిపాదన

కాలువలు పొలాలకు నీరిస్తే చాలదు, పడవల రవాణాకు కూడా ఉపకరించాలన్నది కాటన్ దృఢవిశ్వాసం. తుంగభద్ర నీటిని కర్నూలు, కడపల మీదుగా పెన్నా లోయలోకి మళ్ళించి, నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం వరకు కాలువ నడపాలనే ప్రణాళిక ఆయన ఆలోచనల ఫలితమే. దీనికోసం మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడిపై అయిదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది.

ఈ ప్రణాళిక అనుకొన్న రీతిలో నెరవేరలేదు. కర్నూలు - కడప కాలువ వరకే పని సాగింది. ఖర్చు అంచనాలను మించిపోయింది. రైతులు ఆశించినంతగా నీరు తీసుకోలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనివేసింది. కృష్ణపట్నానికి కాలువ రాలేదు. నెల్లూరు తీరం వెంబడి పడవల రవాణా మాత్రం మద్రాసును కృష్ణా డెల్టాతో కలిపిన బకింగ్‌హాం కాలువ ద్వారా చాలాకాలం సాగింది.

పునాదుల శాస్త్రంలో కాటన్ పనుల స్థానం

కాటన్ కట్టడాలు నిలిచాయి గాని, అవి ఎందుకు నిలిచాయో లెక్కలతో చెప్పగలగడానికి చాలా కాలం పట్టింది. ఉత్తర భారతదేశంలో చీనాబ్ నదిపై ఖాంకీ వద్ద 1895లోను, గంగపై నరోరా వద్ద 1898లోను ఆనకట్టలు ఊట కారణంగా దెబ్బతిన్నాయి. వీటిపై జరిగిన పరిశోధనల ఫలితంగా, పునాది కింద నీరు ప్రయాణించే దారి పొడవుకు, నిలిచిన నీటి ఎత్తుకు మధ్య ఉండవలసిన నిష్పత్తిని బ్లై అనే ఇంజనీరు 1910 ప్రాంతంలో సూత్రీకరించాడు. సన్న ఇసుకకు ఈ నిష్పత్తి ఎక్కువ, గులకరాళ్ళ నేలకు తక్కువ. 1936లో ఖోస్లా, ఆయన సహచరులు ఈ సిద్ధాంతాన్ని సవరించి, ఊట బయటపడేచోట దాని ఉద్ధృతి ఎంత ఉంటుందో గణించే పద్ధతిని అందించారు.

1925లో కార్ల్ టెర్జాగి వెలువరించిన గ్రంథంతో మృత్తికా యాంత్రికశాస్త్రం ప్రత్యేక శాస్త్రంగా రూపొందింది. నేలపై పడిన మొత్తం ఒత్తిడిలో నీరు మోసే భాగాన్ని తీసివేయగా మిగిలినదే నేల రేణువుల బలాన్ని నిర్ణయిస్తుందని ఆయన నిరూపించాడు. ఊట పైకి తన్నినప్పుడు ఇసుక బలం కోల్పోవడానికి కారణం దీనితో స్పష్టమైంది.

బావి పునాది, పైల్ పునాది ఒకే కోవకు చెందినవి. పైల్ అంటే భూమిలో లోతుగా దించిన సన్నని స్తంభం. రెండింటిలోనూ పైబరువులో కొంత భాగాన్ని పక్కల ఒరిపిడి, మిగిలినదానిని అడుగునేల మోస్తాయి. సాధారణంగా పక్కల ఒరిపిడి కొద్దిపాటి కదలికకే పూర్తిగా పనిచేస్తుంది. అడుగునేల తన పూర్తి బలాన్ని చూపడానికి పునాది మరికొంత కుంగవలసి ఉంటుంది. ఇసుక ఎంత గట్టిగా అమరి ఉందో, నీటిమట్టం ఎక్కడుందో బట్టి ఈ పంపకం మారుతుంది. వరదలో చుట్టూ ఉన్న ఇసుక కోసుకుపోతే ఆ మేరకు ఒరిపిడి కూడా పోతుంది. అందుచేత నదిలో వేసే పునాదికి, కోత పడగల లోతును మినహాయించి మిగిలిన లోతునే లెక్కలోకి తీసుకొంటారు.

నెల్లూరు తీరం వంటి ఒండ్రు, ఇసుక, మెత్తని బంకమట్టి నేలల్లో నేడు వంతెనలకు, రేవు కట్టడాలకు పైల్ పునాదులు వాడుతున్నారు. వాటి భారసామర్థ్యాన్ని ముందుగా నేల పరీక్షలతో గణిస్తారు. అయినా ఆ లెక్కతోనే సరిపెట్టరు. నిర్మాణ స్థలంలో పైల్‌ను దించి, దానిపై బరువు పెంచుతూ ఎంత కుంగుతున్నదో కొలిచి లెక్కను సరిచూస్తారు. భారతీయ ప్రమాణాలలో పైల్ పునాదులకు సంబంధించిన ఐ.ఎస్. 2911 ఈ పరీక్షను నిర్దేశిస్తుంది. ముందుగా ఒక అంచనాతో మొదలుపెట్టి, కట్టడం ప్రవర్తనను గమనిస్తూ పనిని సవరించుకొనే విధానాన్ని రాల్ఫ్ పెక్ 1969లో పరిశీలనా పద్ధతిగా క్రమబద్ధం చేశాడు. కాటన్ తన నదులపై అనుసరించిన మార్గం దీనికి దగ్గరగా ఉంటుంది. తేడా ఏమంటే, ఆయనకు కొలిచే సాధనాలు లేవు. ఏటా వచ్చే వరదే ఆయన పరీక్ష.

విమర్శలు

కాటన్ అంచనాలు తరచు ఆశావహంగా ఉండేవని సమకాలీనులు విమర్శించారు. ఖర్చును తక్కువగా, రాబడిని ఎక్కువగా చూపుతాడన్న ఆరోపణకు కర్నూలు - కడప కాలువ ఉదాహరణగా నిలిచింది. రైలుమార్గాలకు పెడుతున్న డబ్బును కాలువలకు మళ్ళించాలని ఆయన పట్టుబట్టడం ప్రభుత్వానికి రుచించలేదు. 1876-78 నాటి ధాత కరువులో దక్షిణ భారతదేశంలో లక్షలాదిమంది మరణించాక ఈ వివాదం తీవ్రమైంది. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘం ఆయనను పిలిపించి కఠినంగా ప్రశ్నించింది. దేశమంతటా నదులను కాలువలతో అనుసంధానించాలన్న ఆయన పథకం ఆచరణ సాధ్యం కాదని అప్పటి ప్రభుత్వం తోసిపుచ్చింది. కరువు కాలంలో గోదావరి డెల్టా ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపగలిగిందన్న విషయం మాత్రం ఆయన వాదనకు బలాన్నిచ్చింది.

చివరి జీవితం

కాటన్ 1860లో ఇంగ్లండుకు తిరిగివెళ్ళాడు. 1861లో సర్ బిరుదు, 1866లో కె.సి.ఎస్.ఐ. పురస్కారం లభించాయి. విశ్రాంత జీవితంలో కూడా భారతదేశ నీటిపారుదల గురించి వ్యాసాలు, కరపత్రాలు రాస్తూనే ఉన్నాడు. డార్కింగ్ పట్టణంలో స్థిరపడి, నేలను లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న 96 ఏళ్ళ వయసులో అక్కడే మరణించాడు. ఆయన కుమార్తె ఎలిజబెత్ (లేడీ హోప్) తండ్రి జీవితచరిత్రను రచించి 1900లో ప్రచురించింది.

స్మారకాలు

ధవళేశ్వరం వద్ద పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన కొత్త బ్యారేజి 1982లో పూర్తయింది. 175 గేట్లు గల ఈ బ్యారేజికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజి అని పేరు పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. హైదరాబాదు ట్యాంకుబండుపై, గోదావరి జిల్లాలలోని అనేక గ్రామాలలో ఆయన విగ్రహాలు నెలకొల్పారు. ఏటా మే 15న రైతులు, ఇంజనీర్లు ఆయన జయంతి జరుపుకొంటారు. ఆయనకు తోడ్పడిన వీణెం వీరన్న 1867లో మరణించగా, ఆయన సేవలను స్మరిస్తూ ధవళేశ్వరంలో శిలాఫలకం ఏర్పాటు చేశారు.

ఇవి కూడా చూడండి

ధవళేశ్వరం
కల్లణై
పెన్నా నది
ప్రకాశం బ్యారేజి
కర్నూలు - కడప కాలువ
బకింగ్‌హాం కాలువ
కృష్ణపట్నం